వీడియో గేమ్‌లో సరిహద్దు ఊరు: స్టూడెంట్ ప్రాజెక్టుకు ప్లాన్ వేయడం ఎలా?

సరిహద్దు ఊరు కట్టమంటే గేమ్ చేసే కుర్రాళ్ళ చేయి ముందుగా రెండు వస్తువుల మీదికి పోతుంది: చెక్‌పోస్టు గేటు, ముళ్ళకంచె. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మోడళ్ళలో ఈ రెండూ ఉంటాయి. వాటి పక్కనే అమెరికా పశ్చిమాన కట్టే చెక్క ఇళ్ళు, గుర్రాలను కట్టే రాటలు కూడా ఉంటాయి. అన్నీ దింపుకుని పరిచేస్తే సాయంత్రానికి ఊరు తయారవుతుంది. చూసినవాళ్ళు మాత్రం ఇదే ఊరని చెప్పలేరు.

శ్రీకాకుళం జిల్లా పిల్లలకు ఆ అవస్థ అక్కర్లేదు. పలాస–కాశీబుగ్గ, టెక్కలి, నౌపడ, మందస, సోంపేట, కవిటి, చివరన ఇచ్ఛాపురం... ఇవన్నీ ఒడిశా పక్కన బతుకుతున్న ఊళ్ళే. ఇక్కడ రెండు రాష్ట్రాల మధ్య కంచె లేదు. సరిహద్దు ఉన్నట్టు తెలిసేది మార్పిడి జరిగే చోట: ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే చోట, ఒక భాషలో అడిగితే ఇంకో భాషలో జవాబొచ్చే కొట్టు దగ్గర, గోనెసంచిలో వచ్చిన జీడిపిక్క డబ్బాలో పప్పై బయటికెళ్ళే కర్మాగారంలో. మన ప్లానంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. మార్పిడి చోటు దొరికితే ఊరు దొరికినట్టే.

ఇంతకుముందు ఒక్క మోడల్ కూడా చేయని నలుగురు విద్యార్థులు, ఒక సెమిస్టర్, మామూలు ల్యాప్‌టాప్‌లు. ఇవే మన దగ్గరున్నాయనుకుని మొదలుపెడదాం.

## ఏమేం కావాలి?

కాగితం పని కోసం

- గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, పెద్ద చార్టు కాగితాలు
- ఐదు మీటర్ల టేపు
- ఫోను కెమెరా. ఫొటోలో కొలత తెలియడానికి పక్కన పెట్టుకునే మీటరు పొడవు కర్ర కూడా ఒకటి కావాలి.

కంప్యూటర్ పని కోసం

- బ్లెండర్: ఇళ్ళు, చెట్లు, సామాన్లు తయారుచేయడానికి. పూర్తిగా ఉచితం.
- గొడో: తయారైన వాటిని తెచ్చి, మనం నడిచి తిరిగే గేమ్‌గా మార్చే ఇంజిన్. ఇదీ ఉచితమే. యూనిటీ, అన్‌రియల్ కూడా పనికొస్తాయి, కానీ పాత ల్యాప్‌టాప్ మీద గొడో తేలిగ్గా నడుస్తుంది.
- ఇంక్‌స్కేప్: దుకాణాల బోర్డులు, గోడ రాతలు గీయడానికి.
- ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: రోడ్ల పటానికి. వాడుకోవచ్చు, కానీ గేమ్ చివరి పేర్ల జాబితాలో వాళ్ళ పేరు తప్పకుండా వేయాలి.
- గూగుల్ ఎర్త్ ప్రో: పాత ఉపగ్రహ చిత్రాలు చూడటానికి మాత్రమే.

ల్యాప్‌టాప్ కంటే ముందు నోటుబుక్కు తెరవండి. మొదటి రెండు వారాలు బ్లెండర్ ముట్టకపోతే పని వెనకబడుతుందని భయం వేస్తుంది. వెనకబడదు. తొందరపడి కట్టిన ఇళ్ళను మూడో వారంలో పడగొట్టుకోవడంతో పోలిస్తే ఇది ఎంతో నయం.

## చేసే పద్ధతి

### 1. ముందుగా ఏడాది తేల్చుకుందాం

"మన ప్రాంతపు ఊరు" అని రాసుకుంటే సరిపోదు. ఏ ఏడాదిలో ఊరు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఒక్క గోడ కూడా లేపకూడదు.

ఎందుకంటే ఇక్కడి సరిహద్దే ఒక తేదీన పుట్టింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా టెక్కలి, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. 1935లో కథ పెట్టుకుంటే రాష్ట్రాల సరిహద్దే ఉండదు. శ్రీకాకుళం జిల్లా కూడా 1950లో గానీ రాలేదు. ఇవాళ్టి కథ పెట్టుకుంటే, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు కాబట్టి లారీల బారు నిలబెట్టడం తప్పవుతుంది.

మనం 2003 తీసుకుందాం. కారణం ఉంది: నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు అప్పటికింకా నడుస్తోంది. మరుసటి ఏడాది, 2004లో, పెద్ద లైనుగా మార్చడానికి దాన్ని ఆపేశారు. పైగా 2003ను కళ్ళతో చూసిన మనుషులు మన ఇళ్ళలోనే ఉన్నారు. అనుమానం వస్తే అమ్మనో మావయ్యనో అడగొచ్చు.

ఏడాది తేలగానే నోటుబుక్కులో రెండు పట్టీలు రాసుకుందాం: ఆ ఏడాది ఉన్నవి, లేనివి. మచ్చుకి:

- జాతీయ రహదారి మైలురాయి మీద 16 కాదు, 5 ఉండాలి. కొత్త నంబరు 2010లో వచ్చింది.
- మన జిల్లా బండ్ల నంబరు ఏపీ 30తో మొదలవుతుంది. అవతలి బండ్ల మీద ఓడీ ఉండదు, ఓఆర్ ఉంటుంది.
- బోర్డుల మీద "ఒడిశా" అని రాయకూడదు. 2011 దాకా అధికారికంగా "ఒరిస్సా"యే.
- ఎస్టీడీ బూత్ ఉంటుంది. సెల్ టవర్ ఎక్కడ, ఎన్ని అన్నది పెద్దవాళ్ళని అడిగి పెట్టాలి.
- పెద్ద లైను మీద కరెంటు తీగలు, రహదారికి నాలుగు వరసలు... ఇవి ఆ ఏడాదికి మీరు కట్టే చోటికి వచ్చాయో లేదో కనుక్కున్నాకే పెట్టాలి.

ఇలా రాసుకోకపోతే నలుగురూ నాలుగు కాలాల ఊరు కడతారు.

### 2. మార్పిడి చోటు ఎంచుకుందాం

ఇప్పుడు ఊరికి గుండెకాయ కావాలి. నౌపడ జంక్షన్‌ని చూడండి. హౌరా–చెన్నై పెద్ద లైను పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. పక్కనే చిన్న లైను పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే సగానికి కూడా తక్కువ. దీని పెట్టె దాని మీద నడవదు. మనిషైనా మూటైనా ఇక్కడ దిగి అక్కడ ఎక్కాల్సిందే. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ చిన్న లైను 1900లో మొదలైంది. పర్లాకిమిడి దాకా దాదాపు 40 కిలోమీటర్లు. 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. ఆంధ్రలో బయల్దేరి ఒరిస్సాలో ఆగే రైలు ఇది. సరిహద్దు ఊరికి ఇంతకంటే మంచి నడిబొడ్డు ఎక్కడ దొరుకుతుంది?

అయినా మన గేమ్ ఊరు కల్పిత ఊరు. స్టేషను నౌపడ నుంచి తీసుకుందాం. బజారు వీధి, జీడి కర్మాగారం పలాస–కాశీబుగ్గ నుంచి, ఊరి చివర తోట కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ప్రాంతం నుంచి. పేరు మీరే పెట్టుకోండి. అసలు ఊరి పేరు పెడితే "మా సందు ఇక్కడ లేదేం?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. కల్పిత పేరు ఆ బాధ తప్పిస్తుంది. కాని ప్రతి ముక్కా ఏ అసలు చోటు నుంచి వచ్చిందో నోటుబుక్కులో రాసి ఉండాలి. రాయలేకపోయామంటే ఆ ముక్కను మనం ఊహించి పెడుతున్నామన్నమాట. దాన్ని అప్పటికి పక్కన పెట్టండి.

ఒక హెచ్చరిక: మార్పిడి చోట్లు రెండు చాలు. మొదటిది స్టేషను, రెండోది జీడి కర్మాగారం. నౌపడ ఉప్పు మడులు, టెక్కలి నీలి గ్రానైట్ క్వారీ, బారువ తీరం, మందస కోవా దుకాణం... ఇవన్నీ ఆశపెడతాయి. వాటిని "తరవాత" అనే పేజీలో రాసి పెట్టండి.

### 3. ఊరి కొలత తేలుద్దాం

మొదటిసారి చేసేవాళ్ళంతా ఊరిని మరీ పెద్దగా గీస్తారు. నిజంలో టెక్కలి నుంచి పలాస వెళ్ళాలంటే బస్సెక్కాలి. గేమ్‌లో అంత దూరం కడితే ఖాళీ రోడ్డు తప్ప ఇంకేం ఉండదు.

దూరాన్ని కాలంతో కొలుద్దాం. మనిషి మామూలు నడక సెకనుకు దాదాపు 1.4 మీటర్లు. 250 మీటర్ల వీధి నడవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆట ఆడేవాడికి అది చాలా సేపు. కాబట్టి మన ఊరు 250 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు. ఒక చివర స్టేషను, మధ్యలో బజారు, పక్క సందులో జీడి కర్మాగారం, రెండో చివర జీడి, కొబ్బరి తోట మొదలు. సముద్రం తోట వెనకాల వినిపిస్తే చాలు, కనిపించక్కర్లేదు.

"మరీ చిన్నది కదా?" అనిపిస్తుంది. ఇళ్ళు పెట్టడం మొదలయ్యాక ఆ మాట అనరు.

### 4. తిరిగి చూద్దాం

ఇప్పుడు బయటికి వెళ్దాం. ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఒకరు కొలిస్తే ఒకరు రాస్తారు. వరస ఇది:

1. ముందు ఫోను జేబులో పెట్టి వీధి మొత్తం ఒకసారి నడవండి. ఏది మొదట కంటికి తగిలిందో, ఏది ముక్కుకి తగిలిందో రాయండి.
2. రెండోసారి నడుస్తూ కొలవండి: వీధి వెడల్పు, అరుగు ఎత్తు, తలుపు ఎత్తు, మెట్టు ఎత్తు, దుకాణం షట్టరు వెడల్పు.
3. మూడోసారి ఫొటోలు. ప్రతి గోడనీ ఎదురుగా నిలబడి తీయండి. ఏటవాలుగా తీసిన ఫొటో అందంగా ఉంటుంది, గోడ మీద అతికించడానికి పనికిరాదు. మధ్యాహ్నం నీడలు ముదురుగా పడతాయి. మబ్బు పట్టిన పూట తీస్తే రంగులు సమంగా వస్తాయి.
4. ప్రతి చోటా మీటరు కర్రతో ఒక ఫొటో తప్పనిసరి.

స్టేషనులో తీసేముందు స్టేషను మాస్టరుని, కర్మాగారంలో తీసేముందు యజమానిని అడగండి. జీడిపప్పు తొక్క తీస్తూ కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళు. అడగకుండా వాళ్ళ మొహాలు తీయకూడదు. మనకు కావాల్సింది పీటలు, బల్లలు, గంపలు, వెలుతురు ఎటునుంచి పడుతోందో అన్నవే.

కర్మాగారంలో వస్తువుల కంటే పని వరస ముఖ్యం. పచ్చిపిక్కలు ఎండబెట్టే కళ్ళం, ఉడకబెట్టే చోటు, పెంకు పగలగొట్టే చోటు, పప్పు ఆరబెట్టే గది, తొక్క తీసే బల్లలు, సైజుల వారీగా వేరుచేసే బల్ల, డబ్బాలకెత్తే చోటు. ఇదే వరసలో గదులు పెడితే ఆడేవాడు లోపల నడుస్తుంటేనే పని అర్థమైపోతుంది. అప్పట్లో పిక్కల్ని కాల్చేవారా ఉడకబెట్టేవారా అన్నది అక్కడి పెద్దవాళ్ళని అడిగి మన ఏడాదికి సరిపోయేది పెట్టండి. పొగగొట్టం రంగు దాన్నిబట్టే మారుతుంది. డబ్బా మీద డబ్ల్యూ 320 అని కనిపిస్తే అది సైజు గుర్తు: ఒక పౌనుకు సుమారు 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని. ఇలాంటి చిన్న రాతలు దగ్గర్నుంచి చూసేవాడికి నమ్మకం కలిగిస్తాయి.

ఇవాళ తీసిన తోట ఫొటోలతో జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను విపరీతంగా పడగొట్టింది. ఇప్పటి తోట చూసి 2003 తోట కడితే ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో తుపానుకు ముందున్న చిత్రం, తరవాతి చిత్రం పక్కపక్కన పెట్టి చెట్ల చిక్కదనం చూసుకోండి. పాత పెళ్ళి ఆల్బములు కూడా అడగండి. పెళ్ళివారి వెనకాల వీధి ఉంటుంది.

### 5. చార్టు మీద పటం గీద్దాం

1. చార్టు మీద ఉత్తరం గుర్తు పెట్టండి. ఇది మొదటి పని.
2. సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉత్తరాన ఉంటుంది. పెద్ద రైలు మార్గం తీరానికి సమాంతరంగా నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది. చిన్న లైను దాని నుంచి విడిపోయి కొండల వైపు తిరుగుతుంది.
3. ఒక సెంటీమీటరుకు రెండున్నర మీటర్లు చొప్పున వేస్తే మన ఊరు మీటరు పొడవు చార్టులో పడుతుంది.
4. రోడ్లు, తరవాత పట్టాలు, తరవాత కాలవలు, చివర ఇళ్ళు. ఇళ్ళు ముందు గీస్తే రోడ్డు వాటి మధ్య ఇరుక్కుంటుంది.
5. స్టేషను నుంచి బజారుకు, బజారు నుంచి కర్మాగారానికి ఆడేవాడు నడిచే దారిని ఎర్ర పెన్సిలుతో గీయండి.

నేల ఎత్తుపల్లాల కోసం ఉపగ్రహ డేటా దించుకోవాలని ఎవరో ఒకరు అంటారు. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం డేటాలో దాదాపు 30 మీటర్లకు ఒక కొలత ఉంటుంది. మన 250 మీటర్లలో ఎనిమిదో తొమ్మిదో చుక్కలు పడతాయి. దాంతో వీధి కట్టలేం. దూరాన కనిపించే కొండల గీత కోసమైతే వాడుకోవచ్చు.

### 6. జాబితా రాసి, సగం కొట్టేద్దాం

పటంలో కనిపించే ప్రతి వస్తువునీ మూడు వరసల్లో రాయండి: తప్పనిసరి, ఉంటే బాగు, తరవాత. తప్పనిసరి వరసలో ఇవి చాలు:

- చిన్న లైను ప్లాట్‌ఫాం, పెద్ద లైను ప్లాట్‌ఫాం, పట్టాల ముక్క, స్టేషను గది, పేరు బోర్డు
- చిన్న రైలు పెట్టె ఒకటి (ఇంజను తరవాత)
- వరస ఇల్లు, డాబా ఇల్లు, షట్టరు దుకాణం, టీ బడ్డీ
- కర్మాగారం రేకుల షెడ్డు, కళ్ళం, పొగగొట్టం
- గోనెసంచి, గంప, డబ్బా, సైకిలు
- కొబ్బరి చెట్టు, జీడి చెట్టు, పనస చెట్టు

ప్రతి వస్తువుకీ ఎదురుగా చేసేవాళ్ళ పేరు, కొలత, ఫొటో నంబరు ఉండాలి. ఆ మూడింట్లో ఒకటి లేకపోయినా ఆ వస్తువు మొదలుపెట్టకూడదు.

### 7. డబ్బాల ఊరు నిలబెడదాం

ఇప్పుడు కంప్యూటర్ తెరుద్దాం. గొడోలో మన పటాన్ని నేల మీద పరచి, ఇంటికో డబ్బా చొప్పున నిలబెట్టండి. రంగు లేదు, తలుపు లేదు, అన్నీ బూడిద రంగు డబ్బాలే. గొడోలోనూ బ్లెండర్‌లోనూ ఒక యూనిట్ అంటే ఒక మీటరు. ఆ లెక్క మార్చకండి.

ముందుగా 1.7 మీటర్ల మనిషి బొమ్మను వీధిలో నిలబెట్టండి. తలుపు 2.1 మీటర్లు, మెట్టు 15 సెంటీమీటర్లు. కెమెరా ఎత్తు 1.6 మీటర్లు. ఇప్పుడు ఎర్ర గీత వెంట నడవండి. స్టేషనులో దిగిన చోట నుంచి బజారు కనిపిస్తోందా? కర్మాగారం పొగగొట్టం ఇళ్ళ మీంచి తల ఎత్తి దారి చూపిస్తోందా? కనిపించకపోతే డబ్బాలను జరపండి. ఈ దశలో జరపడానికి నిమిషం పడుతుంది. ఇల్లు పూర్తయ్యాక జరపాలంటే మనసు రాదు.

గేమ్‌లో వీధులు, గదులు నిజం కొలతకంటే కాస్త వెడల్పుగా ఉంటేనే నడవడానికి వీలుగా ఉంటుంది. రైలు పట్టాల దూరం మాత్రం మిల్లీమీటరు కూడా మార్చకండి. రెండు లైన్ల తేడాయే మన కథ.

### 8. ఒక్క మూల పూర్తిచేద్దాం

ఊరంతా ఒకేసారి మొదలుపెట్టకండి. రెండు లైన్లూ పక్కపక్కన కనిపించే ప్లాట్‌ఫాం చివర ఇరవై మీటర్ల ముక్క తీసుకుని దాన్ని చివరిదాకా పూర్తిచేయండి: మోడల్, రంగు, వెలుతురు, చప్పుడు అన్నీ. నలుగురూ ఇక్కడే పనిచేయాలి. ఈ ముక్కకు ఎన్ని రోజులు పట్టిందో చూస్తే మిగతా ఊరికి ఎన్ని పడతాయో తెలుస్తుంది. లెక్క సరిపోకపోతే ఇప్పుడే జాబితా తగ్గించండి.

### 9. ముక్కలతో ఇళ్ళు, పక్కనే చెట్లు, బోర్డులు

ఇళ్ళు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉమ్మడి గోడలతో బారుగా సాగే వరస ఇళ్ళు మనకు వరం. మూడు మీటర్ల వెడల్పు గోడ ముక్కలు చేద్దాం: తలుపున్నది, కిటికీ ఉన్నది, ఖాళీది. పైన పెంకు కప్పు ముక్క, ముందు అరుగు ముక్క. వీటిని అటూ ఇటూ మార్చి పెడితే వీధి మొత్తం వస్తుంది. ప్రతి ఇంటికీ రంగు, అరుగు మీది సామాను మార్చండి.

చెట్లు. జీడి చెట్టును మామిడి చెట్టులా నిటారుగా చేయకండి. మాను పొట్టిగా ఉండి కొమ్మలు నేల దాకా వంగి గొడుగులా పరుచుకుంటాయి. కొబ్బరి చెట్లను కొద్దిగా వంచి, ఒక్కోదాన్నీ ఒక్కో వైపు తిప్పి పెట్టండి. ఒకే చెట్టును తిప్పకుండా యాభై చోట్ల పెడితే ఎవరికైనా పట్టుబడిపోతుంది.

బోర్డులు. బ్లెండర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో రాసి, బొమ్మగా సేవ్ చేసి, పలక మీద అతికించండి. ఇంకా మంచి దారి ఉంది: 2003 నాటికి దుకాణాల బోర్డులు చాలావరకు చేతిరాతవే. చార్టు మీద పెయింటుతో రాసి ఫొటో తీసి వాడండి. ఒడియా అక్షరాలు ఉన్న బోర్డును ఒడియా చదవగలిగినవాళ్ళకి చూపించి గానీ పెట్టకండి. నిజమైన దుకాణాల పేర్లు వద్దు.

### 10. వెలుతురు, చప్పుడు, మనుషులు

ఎండను చార్టులోని దిక్కుల ప్రకారమే పెట్టండి. పొద్దున తోట వైపు నుంచి, సాయంత్రం కొండల వైపు నుంచి. చలికాలం కథయితే తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు నాలుగు ఆకాశంలో ఎగిరితే చాలు.

చప్పుళ్ళు ఫోనులో మనమే రికార్డు చేద్దాం: పెంకు పగిలే టకటక, షట్టరు ఎత్తడం, రైలు కూత, దూరంగా కెరటాలు. గాలి ఎక్కువున్న పూట రికార్డు చేస్తే బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ మిగలదు. ఫోనుకి పలచని గుడ్డ చుట్టండి.

మనుషులకు మాటలు రాసేటప్పుడు పుస్తకం తెలుగు వద్దు. "ఏటి సేస్తన్నావు?" అనే ఊళ్ళో "మీరేం చేస్తున్నారు?" అని అందరూ పలికితే కొత్తగా ఉంటుంది. అలాగని యాసను నవ్వించడానికి వాడకండి. టీ బడ్డీ దగ్గర తెలుగులో ఒకరు, ఒడియాలో ఒకరు మాట్లాడుకుని ఇద్దరూ అర్థం చేసుకునే చిన్న సంభాషణ పెట్టండి. సరిహద్దు అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

### 11. పని, వారాలు పంచుకుందాం

పన్నెండు వారాలు ఉన్నాయనుకుంటే:

- 1, 2 వారాలు: ఏడాది, తిరిగి చూడటం, పటం, జాబితా
- 3వ వారం: డబ్బాల ఊరు
- 4, 5 వారాలు: ఒక్క మూల పూర్తి
- 6 నుంచి 9: మిగతా ఇళ్ళు, కర్మాగారం, తోట
- 10వ వారం: వెలుతురు, చప్పుడు, మాటలు
- 11వ వారం: బయటివాళ్ళ చేత ఆడించడం
- 12వ వారం: ఖాళీ. దీన్ని ముందే ఎవరికీ పంచొద్దు. పరీక్షలు, కరెంటు కోతలు, జ్వరాలు దీన్ని వాడుకుంటాయి.

ఒకరు స్టేషను, ఒకరు బజారు, ఒకరు కర్మాగారం, ఒకరు తోట, వెలుతురు. అందరి పనినీ ఒకచోట కలిపే బాధ్యత మాత్రం ఒక్కరిదే. ప్రతి శనివారం అందరివీ కలిపి, ఊళ్ళో ఒకసారి నడవాలి.

## తరచూ జరిగే పొరపాట్లు

సూర్యుడు సముద్రంలో అస్తమించడం. సినిమాల్లో చూసి పెట్టేస్తారు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు.

తెచ్చిపెట్టుకున్న చెట్లు. ఉచితంగా దొరికే తాటిజాతి చెట్లు చాలావరకు ఇతర దేశాలవి. కాయ, మట్ట, మాను చూసి మన కొబ్బరి అవునో కాదో పోల్చుకున్నాకే వాడండి. తెచ్చుకున్న ప్రతి మోడల్‌కీ లైసెన్సు ఏమిటో అదే రోజు రాసిపెట్టుకోండి.

స్కేల్ అప్లై చేయకపోవడం. బ్లెండర్‌లో వస్తువును సాగదీశాక కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయాలి. మరిచిపోతే గొడోలో ఆ వస్తువు కొలతలు, దాని ఢీకొనే హద్దులు గందరగోళం చేస్తాయి.

లోపలికి తిరిగిన గోడలు. గేమ్‌లో గోడ ఒక వైపునుంచి మాయమైతే దాని ముఖం తిరగబడిందన్నమాట. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్-ఎన్ నొక్కితే సరిపోతుంది.

మూల బిందువు ఎక్కడో ఉండిపోవడం. గోడ ముక్కల మూల బిందువు కింది ఎడమ మూలలో ఉంటే ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చక్కగా కూర్చుంటాయి. ఎక్కడో గాలిలో ఉంటే ప్రతి ముక్కనీ చేత్తో సర్దాల్సొస్తుంది.

పేర్లు లేని ఫైళ్ళు. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అనే పేర్లు వద్దు. వస్తువు పేరు, రకం, నంబరు చాలు. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. పెద్ద అక్షరాలు ఒక కంప్యూటర్‌లో పనిచేసి ఇంకోదాంట్లో మొరాయిస్తాయి.

ఒకే ల్యాప్‌టాప్‌లో అంతా ఉండటం. శనివారం కలపగానే పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు, ఆన్‌లైన్‌లో ఒక నకలు పెట్టండి.

కష్టాన్ని అలంకారంగా వాడటం. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు, తుపాను గుర్తొస్తాయి. కథకు బరువు రావాలని రోగిని మంచం మీద పడుకోబెట్టడం, విరిగిన చెట్లు పరచడం తేలిక. ఆ బాధ పడినవాళ్ళు మన ఆట ఆడతారని గుర్తుంచుకోండి. వాళ్ళ ముందు నిలబడి సమాధానం చెప్పగలిగినదే పెట్టండి.

బాగున్నదని వదలకపోవడం. గంటలకొద్దీ చేసిన ఇంజను ఎర్ర గీత దారిలో ఎక్కడా కనిపించకపోతే దాన్ని తీసేయాల్సిందే. వేరే ఫోల్డరులో దాచుకోండి, పోయేదేం లేదు.

## చివరిగా సరిచూసుకునేది

పదకొండో వారంలో గేమ్‌ను ఇద్దరి చేత ఆడించండి. మొదటి మనిషి ఆ కాలంలో ఆ చిన్న రైలు ఎక్కిన పెద్దవారై ఉండాలి. రెండో మనిషి ఈ ప్రాంతం ఎప్పుడూ చూడనివారై ఉండాలి. ఆడుతున్నంతసేపూ మనం నోరు విప్పకూడదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిరిగారు, ఏమన్నారు అన్నవి రాసుకోవడమే పని. పెద్దవారు "ఇది ఇక్కడ ఉండేది కాదు" అంటే కాలం తప్పు. కొత్తవారు "ఇప్పుడెటు వెళ్ళాలి?" అంటే పటం తప్పు. రెండింటికీ చికిత్స వేరు కాబట్టి రెండు పేజీల్లో రాయండి.

రేపు మొదలుపెట్టేవాళ్ళకి రేపటి పని ఇంతే: ఇంట్లో పెద్దవాళ్ళని 2003లో స్టేషను దగ్గర ఏమేం ఉండేవో అడిగి, వాళ్ళు చెప్పిన వరసలోనే పది వస్తువులు రాసుకురండి. నలుగురి పట్టీల్లోనూ ఉన్న వస్తువు మన జాబితాలో మొదటిది.